రుచిభేదమును, సన్నాయి పాఠమును

"ఎవరి రుచి వారిది" అను మాట మన నోట తరచుగా వినబడుచుండును. సంగీతమును గూర్చి ఇద్దరు మిత్రులు వాదించుకొనుచుండగా, వాదము వేడెక్కినప్పుడు మూడవవాడు వచ్చి ఈ మాట అనును. అంతటితో వాదము చల్లారును. పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని పెద్దలును అన్నారు గదా! సభామర్యాదకు ఈ మాట పనికివచ్చును. కాని చదువు చెప్పువారికిని, చదువుకొనువారికిని ఇది చాలదు. రుచి యనునది పుట్టుకతో వచ్చి, మార్పులేక నిలిచి, ఎవరికిని సమాధానము చెప్పనక్కరలేని వస్తువే యైనచో తరగతిలో పద్యము చెప్పుట దేనికి? సంగీత కళాశాలలు దేనికి?

ఈ సందేహమును తీర్చుకొనుటకు గుంటూరు, ప్రకాశం మండలములవారికి అలంకారశాస్త్రముతో పనిలేదు, మిరపకాయ చాలును. గుంటూరు యార్డులో సరుకు చూచు వ్యాపారి టిక్కీ విప్పించి, గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, రంగు చూచి, వాసన చూచి, తేమ చూచును. కారము కావలసినవాడు తేజ రకమును అడుగును. ఎరుపు కావలసినవాడు బ్యాడిగి రకమును అడుగును. వీరిలో ఒకడు తెలిసినవాడనియు, మరియొకడు తెలియనివాడనియు చెప్పరాదు. వారి వంటలు వేరు, అవసరములు వేరు. ఇది రుచిభేదము. అయినను, తాలుకాయను ఇద్దరును తాలుకాయ యనియే అందురు. తేమ పట్టిన సరుకును ఇద్దరును ప్రక్కకు నెట్టుదురు. ఇది ఎరుక. పత్తి పింజను వ్రేళ్ళనడుమ లాగి పొడవు చెప్పువాని విద్యయు ఇట్టిదే. ఇష్టమునకు సాక్ష్యము అక్కరలేదు. ఎరుకకు సాక్ష్యము కావలెను. అది తప్పు కావచ్చును, దిద్దుకొనవచ్చును, కనుకనే నేర్పవచ్చును. అంతేకాదు, కారము పుట్టినబిడ్డ కెవ్వరికిని రుచింపదు. తల్లి పప్పన్నములో నేయి వేసి, కొంచెము కొంచెముగా అలవాటు చేసినపిమ్మటనే ఆ బిడ్డ పెద్దవాడై ఊరగాయ లేనిదే ముద్ద ముట్టడు. ఇష్టము సైతము కొంతవరకు శిక్షణవలననే వచ్చునని దీనివలన తెలియుచున్నది.

సంగీతమునందును ఈ రెండును కలవు. ఇందులకు మన నేలమీదనే పుట్టిన నిదర్శన మొకటి యున్నది. ఒంగోలు సమీపమున కరవది గ్రామములో 1924 మే 12వ తేదీన షేక్ చిన మౌలానా గారు జన్మించిరి. తరతరములుగా నాదస్వరమే వృత్తిగను, విద్యగను గల వంశము వారిది. తొలుత తండ్రి కాసిం సాహెబు గారి వద్దను, పిమ్మట చిలకలూరిపేట ఆదం సాహెబు గారి వద్దను వారు విద్య నేర్చిరి. మహమ్మదీయ కుటుంబములవారు దేవాలయ సేవలయందు సన్నాయి వాయించుట ఈ ప్రాంతమున ఏనాటినుండియో వచ్చుచున్న ఆచారము. సాహెబు గారి సన్నాయి లేనిదే రాములవారి కల్యాణము నిండుగా లేదనుకొను ఊళ్ళు మనకు క్రొత్త కాదు. విన్నవారు రాగమును విన్నారే కాని వాయించినవాని మతమును వినలేదు. రుచివిషయమున మన పల్లెలు నేర్పిన మొదటి పాఠమిది.

రెండవ పాఠము చిన మౌలానా గారి జీవితమే. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై గారి (1898–1956) వాద్యము వారి హృదయమును పట్టుకొనెను. తెలుగునాట ఒక సంప్రదాయమున సుశిక్షితులై యుండియు వారు తంజావూరు సీమకు పోయి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల వద్ద మరల శిష్యరికము చేసిరి. తరువాత శ్రీరంగమున స్థిరపడి, శారదా నాదస్వర సంగీతాశ్రమమును నెలకొల్పి, పలువురిని తీర్చిదిద్దిరి. 1977లో పద్మశ్రీయు, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదమును వారిని వరించెను. 1999లో వారు కీర్తిశేషులైరి. తనకు వచ్చిన విద్య చాలునని కూర్చుండక, తన చెవికి తగిలిన మరియొక అందమును వెదకుకొనుచు పోయి, ఆ అందము పుట్టినచోటనే మన్నన పొందిన విద్వాంసుడాయన. "నా రుచి నాది" అని ఆయన అక్కడనే ఆగియుండినచో మనకు ఆ చిన మౌలానా గారు లేరు.

ఇంతకును ఆ రెండు బాణీలకును భేదమేమి? మన ఊళ్ళలో పెండ్లిపందిటి మెప్పు తరచుగా ధాటికి దక్కును. స్వరములు వడగండ్లవలె రాలవలెను, డోలు దానికి దీటుగా మ్రోగవలెను, విన్నవాడు ఆహా యనవలెను. తంజావూరి బాణీకి రాగాలాపన ప్రాణము. ఒక రాగమును తొందరలేక, అంగుళమంగుళముగా, గంటలతరబడి విప్పుదురు. వాద్యమునందును భేదము కలదు. పొట్టిదైన తిమిరి నాదస్వరము హెచ్చుశ్రుతిలో మ్రోగును. పొడవైన బారి నాదస్వరము తగ్గుశ్రుతిలో గంభీరముగా పలుకును. బారి వ్యాప్తికి వచ్చుటకు రాజరత్నం పిళ్ళై గారు ముఖ్యకారకులు. రెంటికిని వ్రేళ్ళుంచు రంధ్రములు ఏడే. మెట్లు లేవు, మీటలు లేవు. పీకమీద పెదవి బిగువును, ఊపిరి ఒత్తిడిని, రంధ్రమును సగము మూసియు పావు మూసియు పట్టు వ్రేలి నేర్పును కలసి గమకమును పుట్టించును. ఇంత తెలిసిన వినికరి "నాకు ధాటి ఇష్టము" అన్నను తగును, "నాకు ఆలాపన ఇష్టము" అన్నను తగును. అది తేజకును బ్యాడిగికిని గల భేదము. శ్రుతి తప్పినప్పుడు, ఊపిరి చాలక స్వరము వ్రాలినప్పుడు మాత్రము ఇరువురును గుర్తింపవలెను. అది తాలుకాయ.

ఈ సీమకే చెందిన మరియొక వివాదమును చూతము. గుంటూరు, తెనాలి, బాపట్ల ప్రాంతములు పద్యనాటకమునకు పుట్టినిండ్లు. బాపట్లవాసి స్థానం నరసింహారావు గారును, సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య గారును ఈ నేల ఇచ్చిన నటరత్నములు. పత్తి అమ్మి, మిరప అమ్మి, చేతిలో నాలుగు డబ్బులు ఆడు వేసవి రాత్రులలో రైతులు తెల్లవార్లు కూర్చుండి పద్యమునకు "వన్స్ మోర్" కొట్టిన ప్రాంతమిది. ఆ పద్యమునకు తోడు హార్మోనియము. సంగీత పండితులు ఆ పెట్టెను ఈసడించిరి. మెట్టుకొక స్వరము గట్టిగా బిగింపబడియుండుటచేత స్వరమునుండి స్వరమునకు జారుట దానికి చేతకాదనియు, మన గమకమునకు అది శత్రువనియు వారి వాదము. ఆకాశవాణి 1940లో హార్మోనియమును నిషేధించి, 1971 వరకు దానిని దరిజేరనీయలేదు. పండితుల వాదమున సత్యము లేకపోలేదు. హార్మోనియముపై తోడిని, సన్నాయిపై తోడిని విన్నవాడెవడును ఆ లోపమును కాదనలేడు. అయినను నాటకశాలలోని రైతును రుచిహీనుడనుటయు న్యాయము కాదు. వేలమంది కూర్చున్న బయలులో నటునికి శ్రుతి తప్పనీయక, రాగమునకు ఊత ఇచ్చి, పద్యమును చివరివరుసదాక మోయుట ఆ పెట్టెకు అప్పగించిన పని. ఆ పనిని అది చక్కగా చేసినది. పనిముట్టును దాని పనినిబట్టి తూచవలెను. దుక్కి దున్నుటకు రాలేదని కొడవలిని నిందించువాడు రైతు కాడు.

పరదేశపు వాద్యములనుగూర్చిన అనుమానములును ఇట్టివే. వయొలిన్ పడమటినుండి వచ్చినది. నేడు అది లేక కచేరి లేదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు (1893–1964) దానిని తెలుగువారి సొంతము చేసిరి. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మాండొలిన్ పట్టి కూర్చున్న నాటికి, ఆ వాద్యముపై కృతి పలుకునని నమ్మినవారు తక్కువ. 2014లో ఆయన అకాలమరణము చెందునాటికి సందేహించువారే తక్కువ. చెవి మారినది. విద్వాంసుడు వాయించి చూపుటచేత మారినది, వాదముచేత కాదు.

ఇక పియానో మాట. ఐరోపావారి శాస్త్రీయ సంగీతమునకు అది రాజవాద్యము. హార్మోనియమువలెనే దానికిని మెట్టుకొక స్వరము. మన గమకము దానిపై పలుకదు. అయినను వ్రేలి దెబ్బ బరువునుబట్టి ధ్వని హెచ్చుతగ్గులగును. ఆ స్పర్శలోనే విద్వాంసుని వ్యక్తిత్వము బయటపడును. అందరును వాయించునది ఒకే వ్రాతప్రతి, అవే స్వరములు. భేదము రానే రాదని మన కనిపించును. కాని కెనడా విద్వాంసుడు గ్లెన్ గౌల్డ్ బాహ్ రచించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను 1955లో రికార్డు చేసినప్పుడు సుమారు 38 నిమిషములు పట్టినది. అదే కృతిని 1981లో మరల వాయించినప్పుడు 51 నిమిషములు పట్టినది. ఒకే మనిషి, ఒకే కృతి, నడుమ ఇరువదియారేండ్లు. రుచిభేదము ఇద్దరి నడుమనే కాక ఒక్కని జీవితములోనే ఉండునని ఇంతకంటె నిదర్శనమేమి?

1980లో పోలెండు రాజధాని వార్సాలో షోపెన్ పేర జరుగు పియానో పోటీలో మరియొక సంగతి జరిగినది. ఇవో పొగొరెలిచ్ అను యువకుని తుదిపోటీకి చేరనీయక న్యాయనిర్ణేతలు తొలగించిరి. 1965లో అదే పోటీలో గెలిచిన మార్తా ఆర్గెరిచ్ అప్పుడు న్యాయనిర్ణేతలలో ఒకరు. ఆమె ఆ నిర్ణయమును నిరసించి తన స్థానమును వదలి వెళ్ళిపోయెను. ఆ యేడు గెలుపొందినవాడు వియత్నాం దేశస్థుడైన డాంగ్ థాయ్ సన్. ఆ బహుమానము పొందిన తొలి ఆసియావాసి. తమాషా యేమనగా, తొలగింపబడిన పొగొరెలిచ్ లోకప్రసిద్ధుడయ్యెను. గెలిచిన సన్ విద్వాంసుడుగను, ఉత్తమ గురువుగను పేరొందెను. 2021లో అదే పోటీని గెలిచిన బ్రూస్ లియు ఆయన శిష్యుడే. నాటి నిర్ణేతలు తప్పా, ఆర్గెరిచ్ తప్పా? వినికరులు నేటికిని వాదించుకొనుచునేయున్నారు. ఆ వాదము సంగీతమునకు చెరుపు చేయలేదు. మనము నేర్వదగినది వేరొకటి కలదు. ఆమె తన రుచిని నోటిమాటగా వదలివేయలేదు. తన పీఠమును దానికి వెలగా చెల్లించినది. బ్రతికియున్న ఒక యువకుని పక్షమున, అతడు ఇంకను ఏమగునో తెలియనినాడు నిలిచినది.

మన అభిరుచికి కొరత ఇక్కడనే యున్నదని మేము తలచుచున్నాము. మన ఉపాధ్యాయుల విశ్రాంతి గదులలోను, కాఫీ హోటళ్ళలోను సంగీతవాదములకు లోటు లేదు. మూడు స్థాయిలలో సునాయాసముగా విహరించు బాలమురళీకృష్ణ గారి గాత్రమా, పొదుపరియైన నేదునూరి కృష్ణమూర్తి గారి గాత్రమా? మూడు నాలుగు స్వరములతో రాగములు కల్పించుట సాహసమా, అపచారమా? ఈ వాదములు సరసములే. కాని నేదునూరివారు 2014లోను, బాలమురళివారు 2016లోను పరమపదించిరి. ఘంటసాల గారు 1974లోనే వెళ్ళిపోయిరి. మనము ప్రేమించువారిలో అధికులు గతించినవారు. గతించినవారిని ప్రేమించుటకు ఖర్చు లేదు. వారి పాట జేబులోని ఫోనులో దొరకును. వారికి సంభావన ఇయ్యనక్కరలేదు, బండి పంపనక్కరలేదు, వారి బిడ్డల చదువునుగూర్చి ఆలోచింపనక్కరలేదు. వారు శ్రుతి తప్పుదురేమో యను భయము కూడ లేదు. నిలిచిన రికార్డు ఏనాడో ఏరి కూర్చినది. సజీవుని ఇష్టపడుట యన్ననో, పోయి కూర్చుండి వినుట. నేడు బాగుండి రేపు బాగుండకపోవచ్చును. అయినను ఎల్లుండి మరల పోవుట.

చిన మౌలానా గారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడెను. భార్యాభర్తలు జంటగా నాదస్వరము వాయించుట, అందును మహిళ ఈ బరువైన వాద్యమును చేపట్టుట అరుదు. ఆ గౌరవము వారికి తమిళనాటి ఖాతాలో వచ్చెను. వారు అక్కడ స్థిరపడిన తెలుగువారు. భద్రాచల రాముని సన్నిధిని నాదస్వరము వాయించిన గోసవీడు షేక్ హసన్ గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించునాటికి ఆయన కీర్తిశేషులు. కరవది విద్వాంసుడు శ్రీరంగమున వెలుగుటయు, మన దంపతులు తమిళనాట నిలుచుటయు, మన వృద్ధునికి మరణానంతరము బిరుదము వచ్చుటయు చూడగా, విద్వాంసులను కనుట మనకు వచ్చును గాని పెంచుకొనుట రాలేదని తోచుచున్నది. తమిళులు మనవారిని ఎత్తుకొనిపోలేదు, వినిరి. అంతే.

ఇక్కడ మిగిలిన మేళగాండ్ర సంగతి మనకందరకును తెలిసినదే. శుభలేఖలో ముహూర్తము, విందు, వేదిక అచ్చగును; సన్నాయి విద్వాంసుని పేరు అచ్చుకాదు. పందిటిలో ఆయన మోహనము ఎత్తుకొనుసరికి ప్రక్కన ధ్వనివర్ధకము ఊరెల్ల వినబడునట్లు మ్రోగును. తాళి కట్టువేళ గట్టిమేళము కావలెను. ఆ నిమిషము తరువాత ఆయన ఎచ్చట కూర్చున్నాడో ఎవరును చూడరు. ఒక కుర్రవాడు వచ్చి సినిమాపాట అడుగును. ఆయన కాదనలేడు. ఇట్టి వృత్తిలోనికి తన కొడుకును తండ్రి ఏల దింపును? పీక పట్టిననాటినుండి ఊపిరి నిలుచుటకే ఏండ్లు పట్టు విద్య ఇది. ఒక తరము తెగినచో పుస్తకము చూచి మరల కట్టుకొను విద్య కాదు.

సినిమాపాటను ఈసడించుట మా యుద్దేశము కాదు. రేపల్లె ప్రాంతమున పెదపులివర్రులో పుట్టిన కె. విశ్వనాథ్ గారి "శంకరాభరణం" 1980లో వెలువడినప్పుడు, రాగము పేరు తెలియనివారు సైతము దానిని మరల మరల చూచిరి. అందు పాడిన బాలసుబ్రహ్మణ్యం గారు శాస్త్రీయముగా సంగీతము నేర్చినవారు కారు. ప్రజలకు చెవి లేదనువారికి ఆ చిత్రమే సమాధానము. చెవి యున్నది, దానికి వడ్డించువారు లేరు. విద్యార్థి యిష్టపడు పాటను తప్పని తీసివేసిన గురువు ఆ విద్యార్థిని పోగొట్టుకొనును. ఆ పాటలోనే యున్న రాగమును పట్టుకొని, "ఇదే రాగమును సన్నాయిపై విందువా?" అని అడిగిన గురువు అతనిని గెలుచుకొనును. పప్పన్నములో నేయి వేసి కారము అలవాటుచేయుట యనగా ఇదియే.

కావున ఉపాధ్యాయులకు మా మనవి మూడు మాటలు. మొదటిది, నెలకొకసారి ఒకే రాగమును ఇద్దరు విద్వాంసులు వాయించినది పిల్లలకు వినిపింపుడు. చిన మౌలానా గారి కల్యాణి ఒకటి, నేడు జీవించియున్నవారి కల్యాణి ఒకటి. ఎవరు గొప్ప యని అడుగవలదు. ఏమి విన్నారో వ్రాయుమనుడు: ఎక్కడ తొందరపడినది, ఎక్కడ ఆగినది, ఏ స్వరముపై నిలిచినది. ఇష్టమునకు మార్కులు వేయవలదు, గమనించినదానికి వేయుడు. రెండవది, సంవత్సరమున కొకసారియైన మీ ఊరి సన్నాయి విద్వాంసుని పాఠశాలకు పిలువుడు. ఆయనను వాకిట గాక వేదికపై కూర్చుండబెట్టుడు. అరగంటసేపు ఏ పాటయు అడుగక, ఆయనకు నచ్చిన రాగమును వాయింపుమనుడు. ఆయనను పేరుతో, గారు చేర్చి, సభకు పరిచయము చేయుడు. సంభావనను కవరులో పెట్టి పెద్ద విద్యార్థిచేత ఇప్పింపుడు. మూడవది, పిల్లలను ఈ ప్రశ్న అడుగుడు: "నీకు మిక్కిలి యిష్టమైన, నేడు జీవించియున్న విద్వాంసుడెవరు? ఎందుచేత?" సమాధానము వయొలిన్ కావచ్చును, వీణ కావచ్చును, పియానో కావచ్చును, తప్పెట కావచ్చును. పేరు చెప్పలేనిచో, ఒకరిని వెదకి వినివచ్చుటయే ఆ వారపు ఇంటిపని.

విద్యార్థులకొక మాట. మీ మిత్రుని రుచితో మీ రుచి కలియకపోయినచో కలవరపడవలదు. "ఎవరి రుచి వారిది" అని లేచిపోవలదు. "నీకేమి వినబడినది?" అని అడుగుడు. ఆ ప్రశ్నతో వాదము కలహమై పోక పాఠమగును. మీకు వినబడనిది అతనికి వినబడియుండవచ్చును. అతడు చూపినపిమ్మట మీకును వినబడినచో, మీరు ఓడిపోయినది లేదు; మీ చెవికి ఒక స్వరము కలిసివచ్చినది.

ఈ వేసవి ముహూర్తములలో మన ఊళ్ళ పందిళ్ళలో సన్నాయి మరల మ్రోగును. భోజనపుబంతికి లేచుటకు ముందు పది నిమిషములు ఆ మేళమునకు ఎదురుగా కుర్చీ వేసికొని కూర్చుండువారు ఊరికి పదిమంది యున్నను చాలును. వాయించువాడు వారిని చూచును. చూచినచో తప్పక మరింత బాగుగా వాయించును.